మనీ ప్లాంట్‌కు వెలుతురు ఎంత కావాలి, ఎక్కడ పెట్టాలి

ఫ్రిజ్ మీద సీసాలో పెట్టిన మనీ ప్లాంట్ చాలా ఇళ్లలో ఒకే తీరుగా కనిపిస్తుంది. మొదట్లో ఉన్న ఆకులు పండి రాలిపోయి ఉంటాయి. మిగిలిన తీగ మూరెడు పొడవున బోసిగా సాగి, చివర రెండు చిన్న ఆకులను మోస్తూ ఉంటుంది. తెచ్చిన రోజున ఆకుల మీద ఉన్న పసుపు చారలు క్రమంగా తగ్గి, అంతా ఒకే ఆకుపచ్చగా మారిపోయి ఉంటుంది. చావలేదు కాబట్టి బాగానే ఉందని మనం అనుకుంటాం. నిజానికి ఆ మొక్క నెలల తరబడి వెలుతురు కోసం వెతుక్కుంటోంది. నీళ్లు మార్చినా ఎరువు వేసినా ఆ లోటు తీరదు, మొక్కను జరిపితేనే తీరుతుంది.

ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాకు చెందిన మోరియా దీవి. శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియమ్. 1880లో దీన్ని పోథాస్ ప్రజాతిలో చేర్చి పేరు పెట్టారు కాబట్టి నర్సరీల్లో ఇప్పటికీ పోథాస్ అనే పిలుస్తారు. అడవిలో ఇది పెద్ద చెట్ల మానులను కరుచుకుని, కొమ్మల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగే వెలుతురులో పైకి పాకుతుంది. మన పెరళ్లలో మామిడిచెట్టుకో కొబ్బరిచెట్టుకో పాకించినచోట దీని ఆకులు చేటంత పెరగడం చూసే ఉంటారు. ఇంట్లో అరచేతిలో ఇమిడిపోయే ఆకు, ఆ చేటంత ఆకు ఒకే మొక్కవి. దీనికి కావలసింది నేరుగా పడే ఎండ కాదు, చీకటి అంతకంటే కాదు. పట్టపగలు చెట్టునీడన కూర్చుంటే మన చుట్టూ ఎంత వెలుగు ఉంటుందో అంత వెలుగు.

ఇక్కడే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. వెలుగును లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. నడి మధ్యాహ్నం ఆరుబయట ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన అది కొన్ని వేలకు దిగుతుంది, అదే గదిలో ఎదురు గోడ దగ్గర వందో రెండు వందలో మిగులుతుంది. కనుపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా తెలియదు, ఆకుకు మాత్రం అలా సర్దుకునే వీలు లేదు. ఫోనులో లైట్ మీటర్ యాప్ వేసుకుని చూస్తే ఉజ్జాయింపుగా అర్థమవుతుంది. రెండు వందల లక్స్ దగ్గర మనీ ప్లాంట్ ప్రాణం నిలుపుకుంటుంది తప్ప పెరగదు. పగలు ఎక్కువ భాగం వెయ్యికి పైన ఉంటే కొత్త ఆకులు వస్తాయి. రెండు వేలు దాటితే తీగ ఒత్తుగా, చారలతో నిండుగా వస్తుంది.

యాప్ లేకపోయినా ఫరవాలేదు. మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో, మొక్క ఉండే చోట ఒక తెల్ల కాగితం పరిచి, దానికి అడుగు ఎత్తున చేయి చాపండి. వేళ్ల అంచులు గీత గీసినట్టు పడితే అక్కడ వెలుగు మరీ ఎక్కువ. చేయి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే అదే సరైన చోటు. నీడే కనబడకపోతే ఆ చోటు ఈ మొక్కకు పనికిరాదు.

మన ప్రాంతంలో తూర్పు కిటికీకి మించింది లేదు. పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా పడే లేత ఎండను మనీ ప్లాంట్ హాయిగా తట్టుకుంటుంది. ఉత్తరపు కిటికీ కూడా మంచిదే, కాకపోతే మొక్కను కిటికీకి ఆనించినంత దగ్గరగా పెట్టాలి. దక్షిణపు కిటికీ విషయంలో కాలాన్ని చూసుకోవాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గది లోపలి దాకా వస్తుంది, అప్పుడు పలుచని తెర వేయాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా నడుస్తాడు, కాబట్టి అదే కిటికీ ఆ రోజుల్లో నిర్భయంగా వాడుకోవచ్చు. పడమటి కిటికీ మాత్రం ఏప్రిల్, మే నెలల్లో ప్రమాదకరం. మధ్యాహ్నం మూడు గంటలప్పటి ఎండ అద్దం మీద పడితే ఆకు మధ్యలో ముందు పాలిపోయిన మచ్చ వస్తుంది, రెండు రోజుల్లో అది గోధుమరంగు కాగితంలా ఎండిపోతుంది. అక్కడే పెట్టక తప్పకపోతే కిటికీకి మూడు నాలుగు అడుగుల దూరం పాటించాలి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవారికి లెక్క వేరు. అక్కడి చలికాలపు పగళ్లు చిన్నవి, ఎండ బలహీనం, కాబట్టి దక్షిణపు కిటికీయే మేలు.

ఆగ్నేయ మూలన పెట్టాలనే నమ్మకం చాలామందికి ఉంది. ఆ మూలకు తూర్పునో దక్షిణానో కిటికీ ఉంటే మొక్కకూ అది మంచి చోటే. అక్కడ బీరువా ఉండి చీకటిగా ఉంటే రెండు సీసాలు పెంచుకుని, రెండు వారాలకోసారి మూలలోదాన్ని కిటికీకి, కిటికీదాన్ని మూలకు మార్చండి. నమ్మకమూ నిలుస్తుంది, మొక్కా నిలుస్తుంది.

వేలాడే కుండీలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. కుండీని పైకప్పుకు దగ్గరగా, కిటికీ పై అంచు కంటే ఎత్తులో కడతారు. కిందికి జారిన తీగ కొసలకు వెలుగు దక్కుతుంది గానీ, కుండీ పైభాగం రోజంతా చీకట్లో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి కొసలు పచ్చగా, మొదలు బోడిగా తయారవుతుంది. మా కుండీ ఇలాగే అయినప్పుడు దాన్ని కిటికీ నడిమి ఎత్తుకు దించి, రెండు పొడవాటి తీగలను మట్టి మీదికి చుట్టగా తిప్పి, తలపిన్నులతో కణుపుల దగ్గర గుచ్చాను. మట్టి తగిలిన కణుపులు వేళ్లు వేసి, మొదట్లోనే కొత్త చిగుళ్లు వచ్చాయి. ఈ ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. కాబట్టి పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో వాటికి అందని ఎత్తు అవసరమే. ఆ ఎత్తు కిటికీ వెలుగు దాటిపోకుండా చూసుకుంటే చాలు.

చారల సంగతి కూడా వెలుతురుదే. తెల్లగా, పసుపుగా ఉన్న భాగంలో పత్రహరితం చాలా తక్కువ, కాబట్టి అది ఆహారం దాదాపుగా తయారు చేయదు. వెలుగు తగ్గితే కొత్తగా వచ్చే ఆకుల్లో పచ్చభాగం పెరుగుతుంది. అందుకే తెలుపు ఎక్కువగా ఉండే మార్బుల్ క్వీన్ రకానికి మామూలు రకం కంటే ఎక్కువ వెలుగు కావాలి.

కిటికీ లేని గదిలో తెల్లని ఎల్‌ఈడీ బల్బును మొక్కకు అడుగు దూరంలో అమర్చి, రోజుకు పన్నెండు గంటలు వెలిగించాలి. పైకప్పు దగ్గరి ట్యూబ్‌లైటు సరిపోదు. వెలుగు తక్కువైన చోట మట్టి ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది కనుక, రెండు అంగుళాల లోతు దాకా వేలు పెట్టి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయాలి. నీడలోని కుండీలు ఎండి చావడం అరుదు, వేరు కుళ్లి చావడమే ఎక్కువ. సీసాలో పెంచేవారు కిటికీ దగ్గరికి మార్చగానే నాచు పడుతుంది, సీసా చుట్టూ ముదురురంగు కాగితం చుడితే అది తగ్గుతుంది. ఆకుల మీది దుమ్మును పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో తుడవాలి.

చీకటి మూల నుంచి ఒక్కసారిగా వెలుగులోకి తేకూడదు. పది రోజుల్లో కొంచెం కొంచెంగా కిటికీ వైపు జరపాలి. పాత ఆకులు మారవు, సాగిపోయిన కణుపుల దూరం తగ్గదు. బోడి తీగను ఒకటి రెండు కణుపులు ఉంచి కత్తిరించవచ్చు. చూడవలసింది కొత్తగా వచ్చే ఆకును. చుట్టిన బీడాకులా బయటికి వచ్చిన చిగురు విచ్చుకున్నాక, దాని కణుపుకూ ముందటి కణుపుకూ మధ్య దూరం వేళ్లతో కొలవండి. మునుపు నాలుగు వేళ్లు ఉన్నచోట ఇప్పుడు రెండు వేళ్లే పడితే, మొక్క ఉన్నచోటు దానికి సరిపోయింది.