ప్యాకెట్ రేడియో మెసేజింగ్ ప్రోగ్రాం: పాత కోడ్‌ను విడగొట్టడం

ప్యాకెట్ రేడియో అంటే డేటాను ముక్కలుగా (ఫ్రేమ్‌లుగా) రేడియోలో పంపడం. దాని ప్రోగ్రాంలో మోడెమ్, ఫ్రేమ్, మెసేజ్, స్క్రీన్ అన్నీ ఒకే ఫైల్లో ఉంటే ముందు కిస్ (మోడెమ్, ప్రోగ్రాం మధ్య ఫ్రేమ్‌లు చేరవేసే పద్ధతి) డీకోడర్‌ను వేరుచేయండి. డైర్‌వుల్ఫ్‌ అనే సాఫ్ట్‌వేర్ మోడెమ్‌తో పనైతే దాని 8001 పోర్టుకు కలపాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఒకసారి చదివిన బైట్లే ఒక ఫ్రేమ్ అనుకుంటారు. సగమే రావచ్చు, రెండు అతుక్కుని రావచ్చు. వచ్చినవి బఫర్‌లో పోగేసి ఫ్రేమ్ హద్దును చూపే 192 విలువ బైట్ దగ్గర కోయండి. ఫ్రేమ్ లోపలి డేటాలో 219, 220 వరుసగా వస్తే 192గా, 219, 221 వస్తే 219గా మార్చాలి. జత మధ్యలో తెగేలా ఒక టెస్ట్ తప్పకుండా రాయండి.

ఏపీఆర్ఎస్ (హామ్ రేడియోలో స్థానం, చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి) మెసేజ్‌లో చిరునామా సరిగ్గా 9 అక్షరాలు, తక్కువైతే ఖాళీలతో నింపాలి. మెసేజ్ హద్దు 67 అక్షరాలు. తెలుగులో పంపితే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో బైట్లు లెక్కపెట్టండి: ‘కడప’ 9 బైట్లు, ‘కర్నూలు’ 21. మధ్యలో కోస్తే అక్షరం చెడుతుంది.

కడప పక్కన పాలకొండలు అడ్డొచ్చే చోట మెసేజ్ చేరినా అక్‌నాలెడ్జ్‌మెంట్ (అందిందన్న జవాబు) తిరిగి రాకపోవచ్చు. పంపినవాళ్లు మళ్లీ పంపుతారు. అప్పుడు అక్‌నాలెడ్జ్‌మెంట్ మళ్లీ ఇవ్వండి, మెసేజ్ మాత్రం రెండోసారి చూపించకండి. కాల్‌సైన్ (పంపిన స్టేషన్ గుర్తింపు), మెసేజ్ నంబర్ జంటగా గుర్తుంచుకుంటే చాలు. మళ్లీ పంపే విరామం 8, 16, 32 సెకన్లుగా పెంచండి, ఛానల్ అందరిదీ.