కొత్త కంప్యూటర్‌లో విండోస్ 7 ఎక్కనంటోందా? ఎక్కడ మొరాయిస్తే ఏం చేయాలి

పెళ్లి కార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపులో కంప్యూటర్ చచ్చిపోతే ఓనరు కొత్తది కొంటాడు. కొని, అందులో పాత విండోసే వేయమంటాడు. పేజీలు దిద్దే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు, చేతివేళ్లకు పట్టిన కీబోర్డు, అన్నీ దానితోనే ముడిపడి ఉన్నాయి మరి. పాత ఫైలును ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్‌లోకి మార్చొచ్చు కానీ ఒక్కో ఒత్తూ మళ్లీ సరిచూసుకోవాలి. ముహూర్తాల సీజన్‌లో అంత తీరిక ఎవరికి ఉంటుంది?

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్‌లో. మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14తో ఆగిపోయింది. తన తర్వాత పుట్టిన హార్డ్‌వేర్ దానికి ముక్కూ మొహం తెలియని చుట్టం లాంటిది. డ్రైవర్ (ఆ పరికరంతో ఎలా మాట్లాడాలో విండోస్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాం) ఇచ్చి పరిచయం చేయాలి, లేదా కంప్యూటర్‌నే పాత పద్ధతికి దించాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండు పనులే. మొదలుపెట్టే ముందు డిస్క్‌లో ఉన్నదంతా వేరే చోట కాపీ పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్ పెట్టినా పట్టించుకోవడం లేదు

"సెక్యూర్ బూట్ వయొలేషన్" అని ఎర్రగా వస్తుంది, లేదంటే విండోస్ 7 సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్ అసలు లేనట్టే నేరుగా విండోస్ 11 తెరుచుకుంటుంది. సెక్యూర్ బూట్ అంటే సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే కాపలా, విండోస్ 7కి అది తెలియదు. బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి దాన్ని ఆపండి, పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సీఎస్‌ఎం అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్‌ను రూఫస్ అనే టూల్‌తో తయారు చేసేటప్పుడు, అందులో ఎంబీఆర్, బయోస్ అనే ఆప్షన్లు ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఈ సెట్టింగులు మార్చాక రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకుండా బయోస్ ముట్టుకోవద్దు.

నాలుగు రంగులు కలిసే లోగో దగ్గర ఆగిపోయింది

పావుగంట చూసినా కదలదు. విండోస్ 7 తెర మీద బొమ్మ వేయడానికి పాత వీజీఏ బయోస్ మీద ఆధారపడుతుంది. సీఎస్‌ఎం లేని యూఈఎఫ్ఐలో (కొత్త రకం బయోస్) అది దొరకదు కాబట్టి అక్కడే నిలబడిపోతుంది. డెస్క్‌టాప్‌లో సీఎస్‌ఎం ఆన్ చేస్తే తీరిపోతుంది. ఇన్‌టెల్ 11వ తరం నుంచి, లోపలి గ్రాఫిక్స్ మీదే నడుస్తుంటే, చాలా బోర్డులు సీఎస్‌ఎం ఆన్ చేయనివ్వవు. అప్పుడు జీటీ 710 లాంటి చవక గ్రాఫిక్స్ కార్డు వేయాల్సి వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ఆప్షనే లేకపోతే నేరుగా చివరి భాగానికి వెళ్లిపోండి. బూట్ అయ్యేటప్పుడు ఆ లోటు పూడ్చే యూఈఎఫ్ఐసెవెన్ అనే చిన్న లోడర్ ఒకటుంది, కొందరికి పనిచేస్తుంది. రోజూ డబ్బు సంపాదించి పెట్టే మెషిన్‌లో మాత్రం నేను దాన్ని వేయను.

భాష ఎంచుకోమంటోంది, మౌస్ కదలడం లేదు

ఎక్కువ మంది ఇక్కడే ఇరుక్కుంటారు. నేనూ ఇరుక్కున్నాను. కరీంనగర్‌లో ఒక షాపులో బయోస్‌లో చక్కగా పనిచేసిన కీబోర్డు, సెటప్ తెర రాగానే మొద్దుబారిపోయింది. నమ్‌లాక్ నొక్కితే లైటు కూడా వెలగలేదు. ఎలాగో ముందుకు వెళ్తే "సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు" అని వచ్చింది. ఆ కంప్యూటర్‌కు డీవీడీ డ్రైవే లేదు! ఆ మాట నమ్మి, విండోస్ సెటప్ అంతా ఉండే ఐఎస్ఓ ఫైలే పాడైందనుకుని రెండుసార్లు మళ్లీ దించాను, మూడు పెన్‌డ్రైవ్‌లు మార్చాను. షాపాయన "తమ్మీ, ఇది కొత్తదే అని ఇచ్చిన్రా, పాతదా?" అని అడిగేశాడు.

తప్పు ఐఎస్ఓది కాదు, కంప్యూటర్‌దీ కాదు. బయోస్‌లో ఉన్నంతసేపు కీబోర్డును, పెన్‌డ్రైవ్‌ను బయోసే చూసుకుంటుంది. సెటప్ మొదలవగానే పెత్తనం విండోస్ చేతికి వస్తుంది. దానికి తెలిసింది యూఎస్‌బీ 2 కంట్రోలర్ మాత్రమే. 2015లో వచ్చిన ఇన్‌టెల్ స్కైలేక్ బోర్డుల నుంచి ఆ పాత కంట్రోలర్ తీసేశారు, అన్ని పోర్టులూ యూఎస్‌బీ 3 కంట్రోలర్ కిందికే వెళ్లాయి. కాబట్టి సెటప్‌కు కీబోర్డూ కనిపించదు, తాను వచ్చిన పెన్‌డ్రైవూ కనిపించదు. కనిపించని పెన్‌డ్రైవ్‌నే అది సీడీ అనుకుని, డ్రైవర్ లేదని ఏడుస్తుంది.

బోర్డు వెనక గుండ్రటి పీఎస్2 పోర్టు ఉంటే పాత గుండ్రటి పిన్ను కీబోర్డు తెచ్చి పెట్టండి, వెంటనే ప్రాణం వస్తుంది. సాటా డీవీడీ డ్రైవ్ ఒకటి తగిలించి డిస్క్ నుంచి ఎక్కిస్తే రెండో గొడవా పోతుంది. రిపేర్ షాపుల్లో ఈ రెండూ మూలన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు.

అవి లేకపోతే యూఎస్‌బీ 3 డ్రైవర్లను ముందే ఐఎస్ఓలోకి ఎక్కించాలి. బోర్డు కంపెనీ సైట్‌లో విండోస్ 7 పెన్‌డ్రైవ్ తయారు చేసే టూల్ ఉంటే అదే వాడండి, సగం పని అయిపోతుంది. చేత్తో చేసేవాళ్లు విండోస్‌లోనే ఉండే డిస్మ్ అనే కమాండ్ వాడతారు. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఐఎస్ఓలో ఉండే బూట్.విమ్ ఫైలులో రెండు ఇమేజ్‌లుంటాయి (ప్యాక్ చేసిన విండోస్ కాపీలు), సెటప్ నడిచేది రెండోదాంట్లో. మొదటిదాంట్లో మాత్రమే డ్రైవర్ పెట్టి "ఎక్కించినా పనిచేయలేదు" అంటారు. రెండింట్లోనూ పెట్టండి. డిస్క్‌లోకి ఎక్కే అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్.విమ్‌లో, మీరు వేసే ఎడిషన్‌లోనూ పెట్టండి. అది మరిస్తే సెటప్ అంతా బాగా జరిగి, డెస్క్‌టాప్ వచ్చాక మౌస్ మళ్లీ చచ్చిపోతుంది. ఆ దశకు వచ్చాక వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

డిస్క్ కనిపించడం లేదు

ఎక్కడ వేయాలి అనే లిస్టు ఖాళీగా ఉంటుంది. ఎం.2 స్లాట్‌లో ఉన్నది ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కొత్త రకం వేగమైన డిస్క్) అయితే విండోస్ 7 సీడీలో దానికి డ్రైవర్ లేదు. మైక్రోసాఫ్ట్ తర్వాత కేబీ2990941 అనే ప్యాచ్ ఇచ్చింది, దాన్ని కూడా పైన చెప్పినట్టే ఐఎస్ఓలోకి ఎక్కించాలి. నన్నడిగితే ఒక 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొని, బయోస్‌లో డిస్క్ మోడ్ ఏహెచ్‌సీఐ అని పెట్టి అందులో వేయడం హాయి. పేజ్‌మేకర్‌కు ఎన్‌వీఎంఈ వేగంతో పనేముంది? కొత్త ఇన్‌టెల్ మెషిన్లలో, డిస్క్‌ను విండోస్ 7కి కనిపించనివ్వని వీఎండీ అనే సెట్టింగ్ ఉంటే అదీ ఆపండి.

7బీ అనే కోడ్‌తో బ్లూ స్క్రీన్ వచ్చినా ఇదే జబ్బు, బూట్ డిస్క్‌కు డ్రైవర్ లేదని అర్థం. ఏ5 అని వస్తే మాత్రం వేరు. అది ఏసీపీఐ గొడవ, అంటే మీ బయోస్ చెప్పేది విండోస్ 7కి అర్థం కావడం లేదు. బయోస్ అప్‌డేట్ చేసి చూడండి. ఎవరో మార్చిపెట్టిన సిస్టమ్ ఫైళ్లు నెట్‌లో దొరుకుతాయి, కస్టమర్ల ఆధార్ కాపీలు తిరిగే షాపు కంప్యూటర్‌లో అవి వేయడం నాకు ఇష్టం ఉండదు.

ఎక్కింది, కానీ అక్షరాలు లావుగా, నెట్ లేదు

లాన్ డ్రైవర్ లేక నెట్ రాదు, నెట్ లేక డ్రైవర్ దిగదు. డ్రైవర్లన్నీ ముందే వేరే కంప్యూటర్‌లో దించి, విండోస్ 7 ఎక్కించే డిస్క్‌లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. తెర విషయానికి వస్తే, ఇన్‌టెల్ 7వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌కు విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు. ఇక్కడా పాత గ్రాఫిక్స్ కార్డే దిక్కు.

డ్రైవర్ వేసినా డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, కోడ్ 52 చూపిస్తే డ్రైవర్ మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని విండోస్ చదవలేకపోతోందన్న మాట. కొత్త డ్రైవర్లకు షా2 అనే కొత్త రకం సంతకం ఉంటుంది. సర్వీస్ ప్యాక్ 1 వేసి, తర్వాత కేబీ4490628, ఆ తర్వాత కేబీ4474419 వేసి రీస్టార్ట్ చేయండి.

16 జీబీ ర్యామ్ పెడితే 3.4 చూపిస్తోందా? 32 బిట్ వేశారు. 64 బిట్ వేయాలి. అయితే 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు, డాస్ కాలపు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు గమనించండి. 64 బిట్‌లోనూ హోమ్ బేసిక్ అయితే 8 జీబీకి మించి తీసుకోదు.

ఇవన్నీ దాటాక క్రోమ్ తెరిస్తే 109వ వెర్షన్ దగ్గర ఆగిపోతుంది, విండోస్ 7కి అదే ఆఖరిది. ఆ మెషిన్‌లో బ్యాంకు సైట్లు తెరవొద్దు.

ఇంత బాధ ఎందుకు?

నిజానికి ఇప్పుడు నేను చాలా షాపుల్లో విండోస్ 11ను అలాగే ఉంచి, దాని లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో విండోస్ 7 వేస్తున్నాను. యూఎస్‌బీ 3 గోల లేదు, ఎన్‌వీఎంఈ గోల లేదు. లోపల కనిపించేది విండోస్ 7కి తెలిసిన పాత రకం హార్డ్‌వేరే.

ఇందులోనూ చిక్కులుంటాయి. 64 బిట్ ఆప్షన్ లిస్టులో లేకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉంది. ఇన్‌టెల్‌లో వీటీఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం అనే పేరుతో ఉంటుంది. వర్చువల్‌బాక్స్ కింద పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపించి, టైపు చేసిన అక్షరం ఆలస్యంగా పడుతుంటే విండోస్ 11 తన సొంత హైపర్‌వైజర్ (వర్చువల్ కంప్యూటర్లను నడిపే పొర) నడుపుతోంది. (ఆ బొమ్మ పెట్టినవాళ్లకు హాస్యం తెలుసు.) విండోస్ ఫీచర్లలో హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్ తీసేయండి. అప్పటికీ పోకపోతే విండోస్ సెక్యూరిటీలో ఉండే మెమరీ ఇంటెగ్రిటీ ఆపాలి. దానివల్ల రక్షణ కొంత తగ్గుతుంది, అందుకే దాన్ని చివరికి ఉంచుకోండి. లోపలి విండోస్ 7కి నెట్ మాత్రం కట్ చేయండి, దానికి అవసరం లేదు.

ప్రింటర్‌ను లోపలికి కలపాలని తంటాలు పడొద్దు. పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో పడేస్తే బయట విండోస్ 11 నుంచి ప్రింటు కొట్టుకోవచ్చు. ఆ ఫోల్డర్ లోపల కనిపించకపోతే గెస్ట్ అడిషన్స్ అనే వర్చువల్‌బాక్స్ ప్యాకేజీ లోపల వేయలేదన్న మాట. వర్చువల్‌బాక్స్ డివైసెస్ మెనూలో ఉంటుంది, వేసి లోపలి విండోస్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి, నెట్‌వర్క్ డ్రైవ్‌లా కనిపిస్తుంది.