కణంలోకి దీపం, 4వ భాగం: పట్టు ఎంత ఉండాలి?

కణంలో కాల్షియాన్ని పట్టుకుని వెలుగుతో దాని జాడ చెప్పే అణువే మన ప్రోబ్. కాల్షియాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే ప్రోబ్ అంత మంచిదా? పోయిన భాగం చివర అడిగిన ప్రశ్న ఇది. అవుననే అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకుని బోల్తా పడ్డాను.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల గుంటల దగ్గర నీటి కాఠిన్యం కొలిచే కిట్టును చూసే ఉంటారు. సూచిక వేయగానే నీళ్లు ఎర్రబడతాయి. లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కలుగా వదులుతూ పోతే చివరికి నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలు పట్టాయన్నదే లెక్క. ఈడీటీఏ కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ రెండింటినీ పట్టేస్తుంది. గుంటకు అది చాలు, కణానికి చాలదు. విశ్రాంతిగా ఉన్న కణద్రవంలో స్వేచ్ఛా కాల్షియం సుమారు 100 నానోమోలార్ (నానోమోలార్ అంటే లీటరుకు మోల్‌లో వందకోట్లో వంతు). మెగ్నీషియం దానికి కొన్ని వేల రెట్లు. ఈడీటీఏకు దాయాది అయిన ఈజీటీఏ కాల్షియాన్నే ఏరుకుంటుంది, కానీ ఆమ్లత కాస్త మారితే దాని పట్టూ మారిపోతుంది. రసాయన శాస్త్రవేత్త రోజర్ సియన్ దానిలో బెంజీన్ వలయాలు చేర్చి 1980లో బాప్టా అనే అణువును ప్రకటించి ఆ చిక్కు చాలావరకు తీర్చారు. అదే పట్టుకారుకు వెలిగే భాగం అతికితే 1985 నాటి ఫ్యూరా-2 అనే ప్రోబ్.

ఇక పట్టు సంగతి. ప్రోబ్ అణువుల్లో సగం కాల్షియంతో నిండే గాఢతను కేడీ అంటారు. నిండిన వాటా = కాల్షియం ÷ (కాల్షియం + కేడీ). ఫ్యూరా-2 కేడీ పరిస్థితులను బట్టి మారుతుంది; లెక్కకు 150 నానోమోలార్ అనుకుందాం. కాల్షియం 100 ఉన్నప్పుడు 40 శాతం నిండుతుంది, కణం ఉలిక్కిపడి అది 1000కి పెరిగితే 87 శాతం. తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇప్పుడు కేడీ 1 ఉన్న మహా గట్టి ప్రోబ్ తీసుకోండి: 99 శాతం, 99.9 శాతం. కణం ఎంత ఉలిక్కిపడినా దీపం కదలదు! కేడీ లక్ష అయితే రెండుసార్లూ దాదాపు చీకటే.

ఇంకో మాట. వెలుగు చాలడం లేదని ప్రోబ్‌ను కుమ్మరించకండి. అది కాల్షియాన్ని తానే మింగేస్తుంది. నీళ్లు ఎన్ని ఉన్నాయో చూడబోయి గుంట తోడేసినట్టే.

అభ్యాసం: కణంలో కాల్షియం నిల్వ ఉండే గది లాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో కాల్షియం వందల మైక్రోమోలార్లు ఉంటుంది. (1 మైక్రోమోలార్ = 1000 నానోమోలార్లు.) 3 లక్షల నానోమోలార్లు అనుకుని, అక్కడ ఫ్యూరా-2 ఎంత శాతం నిండుతుందో కాగితం మీద వేయండి. సగం నిండాలంటే కేడీ ఎంత ఉండాలో కూడా రాయండి. వచ్చే భాగంలో ఆ ప్రోబ్‌నే గీద్దాం.