దూరపు సైకిల్ ప్రయాణం – మూడవ పాఠం: రైడ్‌ను గంటల లెక్కతో ఎంచుకోవడం

గత పాఠంలో సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేసుకొని, ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట వెంట 40 కి.మీ. వరకు ఆయాసం లేకుండా తొక్కడం అభ్యసించాము. అంతవరకు వచ్చినవారికి ఏదైనా ఒక దూరపు రైడ్‌కు పేరు ఇవ్వాలన్న కోరిక కలగడం సహజం. ఆ కోరిక మంచిదే. అయితే ప్రకటనలో కనిపించే 100, 200, 300 అనే అంకెలను చూసి, "ఇంత దూరం నేను తొక్కగలనా" అని మాత్రమే ఆలోచించి పేరు ఇచ్చేవారు ఎక్కువ. నా అనుభవంలో ఆ ప్రశ్న సగమే. "ఇన్ని గంటలు, ఈ కాలంలో, ఈ వేళల్లో రోడ్డు మీద ఉండగలనా" అన్నది మిగిలిన సగం. ఈ పాఠం ఆ రెండవ సగం గురించి.

ముందుగా రైడ్‌లలోని రకాలను క్లుప్తంగా చూద్దాము. నగరాలలో ఆదివారం ఉదయం జరిగే 25, 50, 100 కి.మీ. రైడ్‌లలో దారి పొడవునా వాలంటీర్లు, నీళ్ళు, మరమ్మతు వాహనం ఉంటాయి, సమయం విషయంలో పట్టింపు తక్కువ. రోజుల తరబడి సాగే టూర్‌లలో సామాను వ్యాన్‌లో వస్తుంది, రాత్రి బస నిర్వాహకులే చూస్తారు. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీల్‌గిరీస్ ఇటువంటిది. మూడవ రకం బ్రెవే. సైకిలిస్టులు దీన్ని బీఆర్ఎం అని పిలుస్తారు. ఇది పందెం కాదు, మొదట వచ్చినవారికీ చివర వచ్చినవారికీ తేడా చూపరు. కానీ నిర్ణీత సమయంలో పూర్తి చేయాలి, దారిలో ఉన్న కంట్రోల్ పాయింట్ల వద్ద కార్డుపై గుర్తు వేయించుకోవాలి, మీ సహాయం మీరే చేసుకోవాలి. మన వాళ్ళ కారు వెంట రాకూడదు. వారు సాయం చేయదలచుకుంటే కంట్రోల్ వద్ద మాత్రమే చేయాలి. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పెట్టిన ఈ నియమాలే మన దేశంలోనూ అమలవుతాయి. ఈ పద్ధతికి శిఖరమైన పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో మొదలై, ఇప్పుడు నాలుగేళ్ళకు ఒకసారి జరుగుతున్నది. అక్కడ సుమారు 1,200 కి.మీ. దూరాన్ని 90 గంటల లోపల పూర్తి చేయాలి.

మొదటి 200 కి.మీ. బ్రెవేను లక్ష్యంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కారణం దాని పేరు ప్రతిష్ఠలు కాదు. లెక్కలు స్పష్టంగా ఉంటాయి కనుక అది నేర్చుకొనేవారికి మంచి గురువు. 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. మధ్యలో ఉండే కంట్రోల్‌లు స్థూలంగా గంటకు 15 కి.మీ. లెక్కన మూసివేస్తారు. అంటే 100వ కి.మీ. వద్ద ఉన్న కంట్రోల్ బయలుదేరిన 6 గంటల 40 నిమిషాలకు మూతపడుతుంది. ఉదయం 6 గంటలకు బయలుదేరితే మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలన్నమాట.

గంటకు 15 కి.మీ. అనగానే చాలామంది తేలికగా తీసుకుంటారు. నేనూ అలాగే తీసుకున్నాను. కొన్నేళ్ళ క్రితం మార్చి మొదటి వారంలో జరిగిన ఒక 200 కి.మీ. రైడ్‌కు, గంటకు 21 కి.మీ. వేగం నాకు అలవాటే కదా అన్న ధైర్యంతో పేరు ఇచ్చాను. నందిగామ వైపు వెళ్తూ టిఫిన్‌కు ఆగాను, తర్వాత టీకి ఆగాను, పది గంటలు దాటాక ఎండ పెరగడంతో ప్రతి చెట్టు కిందా ఆగాను. 140వ కి.మీ. కంట్రోల్ 9 గంటల 20 నిమిషాలకు మూతపడింది. నేను చేరేసరికి 9 గంటల 40 నిమిషాలైంది. ఇంటికి వచ్చి లెక్క వేసుకుంటే సైకిల్ కదిలిన సమయం 6 గంటల 40 నిమిషాలే. మిగిలిన 3 గంటలు నేను నిలబడి, కూర్చొని గడిపినవి. నా కాళ్ళలో లోపం లేదు, సైకిల్‌లో లోపం లేదు. ఆగిన నిమిషాలను ఎన్నడూ లెక్కించకపోవడమే లోపం. ఈ పాఠమాల రాయాలన్న సంకల్పం ఆ రోజే కలిగింది.

కనుక ఈ పాఠంలో ముఖ్యమైన నైపుణ్యం ఇది: మీ అభ్యాసపు రైడ్ నుంచి 200 కి.మీ. సమయాన్ని ముందుగానే అంచనా వేయడం. ఒక ఉదాహరణ తీసుకుందాము. విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళి రావడం సుమారు 70 కి.మీ. ఒక అభ్యాసకురాలు ఉదయం 5 గంటలకు బయలుదేరి 9 గంటల 20 నిమిషాలకు ఇల్లు చేరిందనుకుందాము. మొత్తం 4 గంటల 20 నిమిషాలు. అందులో ఆగినవి 40 నిమిషాలు, సైకిల్ కదిలినవి 3 గంటల 40 నిమిషాలు. కదులుతున్నప్పటి వేగం గంటకు సుమారు 19 కి.మీ. అయితే ఇదే వేగం 200 కి.మీ. పొడవునా నిలవదు, అలసట, ఎండ, ఎదురుగాలి కలిసి దాన్ని తగ్గిస్తాయి. జాగ్రత్త కోసం పదోవంతు తగ్గించి గంటకు 17.2 కి.మీ. అనుకుందాము. ఆ లెక్కన 200 కి.మీ.కు 11 గంటల 38 నిమిషాలు పడుతుంది. ఇక ఆగడం: 70 కి.మీ.కు 40 నిమిషాల చొప్పున 200కు 1 గంట 54 నిమిషాలు. రెండూ కలిపితే 13 గంటల 32 నిమిషాలు. గడువుకు రెండు నిమిషాలు ఎక్కువ.

ఇప్పుడు ఆమె ఏం చేయాలి? వేగాన్ని గంటకు ఒక కి.మీ. పెంచుకుంటే, అదే లెక్కన 34 నిమిషాలు మిగులుతాయి. కానీ ఆ ఒక్క కి.మీ. పెరగడానికి కొన్ని నెలల అభ్యాసం కావాలి. దానికి బదులు 70 కి.మీ.కు ఆగే సమయాన్ని 40 నుంచి 30 నిమిషాలకు తగ్గించుకుంటే, 200 కి.మీ. మీద దాదాపు 29 నిమిషాలు మిగులుతాయి. ఇది వచ్చే ఆదివారమే సాధ్యం. నీళ్ళ సీసా నింపుకోవడం, తినడం, ముఖం కడుక్కోవడం ఒకే చోట కానిస్తే చాలు. ఆగిన ప్రతిసారీ దిగేముందే ఏమేం చేయాలో మనసులో అనుకోవడం ఒక మంచి అలవాటు. ఆ పనులు ముగిసిన వెంటనే లేవాలి.

లెక్క వచ్చింది కనుక ప్రకటనను చదవడం తేలిక. మొదట నెల చూడండి. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని పెద్దలు అన్న మాట సైకిల్ తొక్కేవారికి పంచాంగంతో సమానం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మొదటి 200 కి.మీ.కు నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మేలైన కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను భయం ఉంటుంది, మార్చిలో ఎండ మొదలవుతుంది, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఎంతటి అనుభవం ఉన్నవారైనా పగటి రైడ్ పెట్టుకోకూడదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున హైవే మీద పొగమంచు కమ్ముతుంది. ముందు దీపం, వెనుక ఎర్ర దీపం, మెరిసే జాకెట్ లేకుండా చీకట్లో బయలుదేరకండి. మరొక మాట. సంక్రాంతి వారంలో హైదరాబాదు నుంచి ఊళ్ళకు వచ్చే కార్లతో 65వ నంబరు జాతీయ రహదారి నిండిపోతుంది. ఆ వారంలో ఆ దారిన సాగే రైడ్‌ను, అది ఎంత మంచిదైనా, మొదటి రైడ్‌గా తీసుకోవద్దు.

తర్వాత బయలుదేరే వేళ చూడండి. ఉదయం 6 గంటలకు మొదలైతే గడువు రాత్రి 7 గంటల 30 నిమిషాలకు ముగుస్తుంది. డిసెంబరులో మనకు సాయంత్రం ఆరు కాకముందే సూర్యాస్తమయం అవుతుంది కనుక, చివరి గంటన్నర చీకటిలోనే అని తెలుసుకోవాలి. 300 కి.మీ. రైడ్ గడువులో తొక్కేవారిలో చాలామందికి రాత్రి ప్రయాణం తప్పదు. అందుకే 200 పూర్తి చేసిన ఉత్సాహంలో మరుసటి నెలలోనే 300కు పేరు ఇవ్వవద్దని నా సలహా. ముందు రెండు మూడు రాత్రులు మీ దీపం ఎన్ని గంటలు వెలుగుతుందో పరీక్షించండి.

దారి విషయంలో ఎత్తుపల్లాల మొత్తం ఎంతో అడగండి. 200 కి.మీ.లో ఎక్కవలసినది మొత్తం 1,000 మీటర్ల లోపు ఉంటే దాన్ని చదును దారి అనవచ్చు. 2,000 దాటితే అది కొండదారి. డెల్టాలో తొక్కడానికి అలవాటుపడిన మనకు రెండవది వేరే ప్రపంచం. అటువంటిదానికి వెళ్ళదలచినవారు గుంటూరు వైపు కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్ల మీద ముందుగా సాధన చేయాలి. చదును దారికీ ఒక పరీక్ష ఉన్నది, అదే గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. బందరు వెళ్ళి విజయవాడకు తిరిగి వచ్చే రైడ్‌లో ఆ గాలి వెనుక నుంచి తోస్తుంది. అదే రైడ్ బందరులో మొదలై విజయవాడ వచ్చి తిరిగి బందరు చేరేదైతే, అలసిన వేళ అది ఎదురుగాలి అవుతుంది. దూరం ఒకటే, రోడ్డు ఒకటే, కానీ ఆ రెండు రైడ్‌లూ ఒకటి కావు.

ఎంపిక అయిన తర్వాత సాధనకు పన్నెండు వారాలు కేటాయించండి. వారంలో రెండు రోజులు గంట చొప్పున తొక్కి, ఆదివారం మాత్రం దూరాన్ని మెల్లగా పెంచాలి: 40, 50, 60 కి.మీ. వారాల తర్వాత ఒక వారం 45కు దిగాలి. అయిదవ వారం గుంటూరు వెళ్ళి రండి. ఆపై 85, 100, మళ్ళీ విశ్రాంతిగా 70. తొమ్మిదవ వారం ఏలూరు వెళ్ళి వస్తే సుమారు 120, పదవ వారం బందరు వెళ్ళి వస్తే సుమారు 140. పదకొండవ వారం 80తో సరిపెట్టి, పన్నెండవ వారం రైడ్‌కు వెళ్ళాలి. గుంటూరు వాసులు ఏలూరుకు బదులు బాపట్ల మీదుగా సూర్యలంక తీరానికి వెళ్ళి రావచ్చు. 140 తొక్కగలిగినవారు 200 తొక్కగలరు. సాధనలోనే 200 పూర్తి చేయాలన్న పట్టుదల అవసరం లేదు. మధ్యలో దిగే వారాలను మాత్రం వదలకండి, శరీరం బలపడేది ఆ విశ్రాంతిలోనే. నలభై ఏళ్ళు దాటినవారు, బీపీ, షుగర్, గుండె సమస్యలున్నవారు మొదటి వారానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

ఆహారాన్ని సాధన రోజుల్లోనే పరీక్షించుకోవాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం శరీరానికి అందాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల వరకు ఉంటుంది. ఆకలి వేసే వరకు ఆగితే ఆలస్యమవుతుంది కనుక, అరగంటకు ఒకసారి కొంచెం తినడం అలవాటు చేసుకోండి. దారి హోటళ్ళలో ఇడ్లీ మంచిది. నెయ్యి పోసిన పెసరట్టు ఉప్మా, మిరపకాయ బజ్జీ ఇంటికి వచ్చిన తర్వాతకు వాయిదా వేయండి. గుంటూరు నాలుకకు ఇది కష్టమని తెలిసే చెబుతున్నాను, కానీ కారం, నూనె కలిసిన కడుపుతో వంగి కూర్చొని ఆరు గంటలు తొక్కడం ఇంకా కష్టం. చెమట ఎక్కువగా పట్టే మన వాతావరణంలో వట్టి నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కలుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, లేదా లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ వెంట ఉండాలి. ప్యాకెట్‌ను సగం సీసాలో కలిపి చిక్కగా తాగడం పొరపాటు.

సామాను తక్కువే: రెండు ట్యూబులు, టైరు లివర్లు, ప్యాచ్‌లు, చిన్న పంపు, మల్టీటూల్. పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగలు హైవే అంచున పడి ఉంటాయి, మన పంక్చర్లలో చాలావాటికి అవే కారణం. ట్యూబు మార్చి టైరు ఎక్కించే ముందు, టైరు లోపలి వైపు వేళ్ళతో మెల్లగా తడిమి తీగను వెతికి తీయకపోతే, కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. ఈ పని ఇంట్లో కూర్చొని మూడుసార్లు చేయండి. మూడవసారి పావుగంట లోపల పూర్తి కావాలి.

ఈ వారం అభ్యాసం: 50 లేదా 60 కి.మీ. తొక్కి, బయలుదేరిన సమయం, చేరిన సమయం, ఆగిన ప్రతి చోటా గడిపిన నిమిషాలు కాగితం మీద రాసుకోండి. పైన చూపిన విధంగా వేగంలో పదోవంతు తగ్గించి, ఆగిన సమయాన్ని దామాషాగా పెంచి, 200 కి.మీ.కు మీకు పట్టే సమయాన్ని లెక్కించండి. అది 12 గంటల 30 నిమిషాల లోపు వస్తే ఈ శీతాకాలపు రైడ్‌కు పేరు ఇవ్వవచ్చు. పంక్చర్‌కూ, దారి తప్పడానికీ ఆ గంట మిగులు కావాలి. అంతకంటే ఎక్కువ వస్తే, ఆగిన చోట్ల జాబితాలో దేన్ని తీసివేయవచ్చో గుర్తించి, వచ్చే ఆదివారం అదే దారిలో మళ్ళీ వెళ్ళండి. ఆ కాగితాన్ని భద్రపరచండి, నాలుగవ పాఠంలో రాత్రి ప్రయాణానికి దీపాల లెక్క దానితోనే మొదలవుతుంది.