అమ్మ ఫోన్‌కి వచ్చే లోన్ కాల్స్ ఇలా తగ్గించాను

అమ్మ ఫోన్ రోజుకు పదిసార్లు మోగేది. లోన్ కావాలా, ప్లాటు కొంటారా అని. పిల్లలేమో అనుకుని మోకాళ్ల నొప్పితోనే లేచి వెళ్లేది. చూస్తే చాలా బాధేసేది.

ముందు నంబర్లు బ్లాక్ చేశాను. లాభం లేదు, మర్నాడు కొత్త నంబరు. తర్వాత ఆమె ఫోన్ నుంచే 1909కి ఇంగ్లిషులో ‘స్టార్ట్ 0’ అని మెసేజ్ పంపాను. ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఏవీ వద్దని నమోదైంది. దీన్నే డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) అంటారు. ఓటీపీలు ఆగిపోతాయేమోనని చాలామంది డీఎన్‌డీ జోలికి పోరు. ఆ టెన్షన్ అక్కర్లేదు, ఓటీపీలు, బ్యాంకు లావాదేవీల మెసేజ్‌లు మామూలుగానే వస్తాయి.

కాల్స్ బాగా తగ్గాయి. మిగిలినవి మామూలు పది అంకెల నంబర్ల నుంచి వచ్చేవి. అసలు ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. అందుకే ప్రతిదాని మీదా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల డీఎన్‌డీ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. కాల్ వచ్చాక ఫిర్యాదు చేయడానికి గడువు ఇదివరకు 3 రోజులే, 2025లో నిబంధనల సవరణతో 7 రోజులైంది.

షాపుల్లో బిల్లు దగ్గర నంబరు ఇవ్వడం కూడా మానిపించాను. మనం అనుమతి ఇచ్చినవాళ్లకు డీఎన్‌డీ అడ్డు రాదు మరి. ఇప్పుడు వారానికి ఒకటో రెండో వస్తున్నాయి. మధ్యాహ్నం అమ్మ హాయిగా నిద్రపోతోంది.