ఫర్నేస్ రిపేరు బిల్లు తడిసి మోపెడు కాకుండా చూసుకోవడం ఎలా

జనవరి రాత్రి ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ ఆగిపోయి, ఇంట్లో చంటిబిడ్డో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే, మెకానిక్ ఎంతంటే అంతకు తలూపేస్తాం. 20 డాలర్ల భాగానికి 400 డాలర్లు కట్టేది ఆ కంగారులోనే. రిపేరుతో పోయేదానికి 8,000 డాలర్లు పెట్టి కొత్త ఫర్నేస్ కొనేదీ అప్పుడే. అమెరికా ఇళ్లలో బాగా కనిపించే, సహజవాయువుతో నడిచే ఫర్నేస్ గురించే ఇక్కడ చెబుతున్నాం. ధరలన్నీ సుమారు లెక్కలు. ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి, పిలిచిన వేళను బట్టి మారతాయి.

ఫోన్ చేసేముందు పావుగంట

ముందుగా గ్యాస్ వాసన ఉందేమో చూడండి. ఉంటే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, బయటి నుంచే 911కి గానీ గ్యాస్ కంపెనీకి గానీ ఫోన్ చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా అంతే. ఆ విషవాయువుకు వాసన ఉండదు. అలారం తప్పుగా మోగిందేమోనని లోపల ఆగకండి.

ఆ ప్రమాదం లేదనుకున్నాక ఫర్నేస్ దగ్గరికి వెళ్లండి. లోపలి కంట్రోల్ బోర్డు మీద ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం మిణుకుతుంటుంది, చాలా మోడళ్లలో అది తలుపుకున్న చిన్న అద్దంలోంచి కనిపిస్తుంది. ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టండి, ఫోన్‌తో వీడియో తీయండి. దాని అర్థం చెప్పే పట్టిక తలుపు లోపలివైపు అంటించి ఉంటుంది. కరెంటు ఆపేస్తే చాలా బోర్డుల్లో ఈ కోడ్ చెరిగిపోతుంది. కాబట్టి కోడ్ చూశాకే మిగతావి ముట్టుకోండి.

తర్వాత థర్మోస్టాట్ చూడండి. అది హీట్‌లో ఉందా, బ్యాటరీలు అయిపోయాయా? ఫర్నేస్ పక్కన గోడకు లైటు స్విచ్ లాంటిదే దాని కరెంటు స్విచ్ ఒకటి ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూడండి. ఫర్నేస్ అటక మీద ఉండే టెక్సాస్ ఇళ్లలో అక్కడికి సామాన్లు పెట్టడానికి వెళ్లినవాళ్లు లైటు అనుకుని దాన్ని ఆపేసి రావడం మామూలే. బ్రేకర్ పడిందేమో, ఫర్నేస్ తలుపు సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి. తలుపు వెనక ఉండే చిన్న సేఫ్టీ స్విచ్ నొక్కుకోకపోతే యంత్రంలో చలనమే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫిల్టర్. అది దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం, మితిమీరి వేడెక్కుతుంది. అప్పుడు వేడి హద్దు దాటకుండా కాపాడే లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, ఫ్యాన్ మాత్రం చల్లగాలి ఊదుతూనే ఉంటుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ని 1 నుంచి 3 నెలలకు, 4 అంగుళాలదాన్ని 6 నుంచి 12 నెలలకు మార్చాలి. రోజూ పోపులు, వేపుళ్లు ఉండే వంటింట్లో ఎగ్జాస్ట్ వేయకపోతే ఇంకా ముందే జిడ్డు పడుతుంది. మంచిదని చెప్పి ఒక అంగుళం సందులో మెర్వ్ 13 ఫిల్టర్ (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఇంకా సన్నటి దుమ్మును పడుతుంది) పెడితే గాలి ఒత్తిడి పెరిగి ఇదే సమస్య రావచ్చు. మామూలు ఇంటికి మెర్వ్ 8 చాలు.

ఫర్నేస్ నుంచి ఇంటి బయటికి తెల్లటి పీవీసీ గొట్టాలు వెళ్తుంటే, మంచో ఆకులో వాటి మూతిని మూసేశాయేమో చూసి తీసేయండి.

ఎక్కడ ఆగిందో దాన్ని బట్టే ఖర్చు

ఫర్నేస్ ఒక వరుసలో నడుస్తుంది. థర్మోస్టాట్ వేడి అడగగానే పొగను బయటికి లాగే చిన్న ఇండ్యూసర్ మోటారు తిరుగుతుంది. పొగ దారి తెరిచే ఉందని ప్రెషర్ స్విచ్ నిర్ధారిస్తుంది. గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుని మంట అంటుకుంటుంది. మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ చెబుతుంది. అర నిమిషానికో నిమిషానికో పెద్ద బ్లోవర్ గాలి ఊదుతుంది. పక్కన నిలబడి ఇది ఎక్కడ తెగిపోతోందో చూస్తే, ఏ భాగం మీద అనుమానపడాలో చాలావరకు తెలిసిపోతుంది.

మంట అంటుకుని, కొన్ని సెకన్లలోనే ఆరిపోయి, రెండు మూడుసార్లు అలాగే జరిగితే ముందు ఫ్లేమ్ సెన్సర్‌ని అనుమానించాలి. మంటలో ఉండే ఆ సన్నటి కడ్డీ మీద పొర పేరుకుంటే దానిగుండా వెళ్లాల్సిన కొద్ది మైక్రోఆంపుల కరెంటు పడిపోతుంది. మంట లేదనుకుని బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. దీన్ని శుభ్రం చేయడానికి మెకానిక్ వస్తే 80 నుంచి 200 డాలర్లు. మీరే చేసుకోవచ్చు కూడా. కరెంటూ గ్యాసూ ఆపి, ఒకే ఒక్క స్క్రూ విప్పి, కడ్డీని నిటారుగా బయటికి లాగి, సన్నటి స్టీల్ ఊల్‌తో సుతారంగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి తిరిగి బిగించాలి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి పొర ఇంకా త్వరగా పడుతుంది. పింగాణీ భాగం మీద బలం పెడితే విరుగుతుంది.

ఇండ్యూసర్ తిరిగినా ఇగ్నైటర్ ఎర్రబడకపోతే అది పగిలి ఉండవచ్చు. భాగం ధర 20 నుంచి 60 డాలర్లు, మెకానిక్ మారిస్తే మొత్తం 150 నుంచి 350. దాని నల్లటి భాగాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట కాలి, ఆయుష్షు తగ్గుతుంది.

కోడ్ పట్టికలో ప్రెషర్ స్విచ్ అని రాగానే స్విచ్ మార్చేసి 200, 300 డాలర్లు రాసేవాళ్లున్నారు. ఆ స్విచ్ పని కబురు చెప్పడమే. అసలు తప్పు చాలాసార్లు మూసుకున్న పొగగొట్టంలోనో, నీళ్లు నిలిచిన రబ్బరు గొట్టంలోనో, 90 శాతానికి పైబడిన సామర్థ్యం ఉన్న ఫర్నేస్‌లలో పూడిపోయిన, నీళ్లు బయటికి పోయే డ్రైన్‌లోనో ఉంటుంది. "గొట్టమూ డ్రైనూ చూశారా?" అని అడగండి. ఇండ్యూసర్ మోటారే పోయి ఉంటే 400 నుంచి 1,000 డాలర్లు.

మంట వస్తోంది, బ్లోవర్ మాత్రం గుర్రుమంటోంది కానీ తిరగడం లేదంటే, పాతరకం మోటారైతే అది తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ చూడమనండి. ఆ భాగం 10, 20 డాలర్లే. పనితో కలిపి 120 నుంచి 300. మోటారు మార్చాలంటే పాతరకానికి 400 నుంచి 800, కంప్యూటర్ బోర్డుతో వచ్చే కొత్తరకానికి 700 నుంచి 1,500. మీటరుతో కెపాసిటర్ కొలిచి చూపించేదాకా మోటారుకు ఒప్పుకోకండి.

కొత్త థర్మోస్టాట్ మీరే బిగించాక ఫర్నేస్ చచ్చుబడిపోయిందా? తీగలు ఒకదానికొకటి తగిలి బోర్డు మీది చిన్న ఫ్యూజు కాలిపోయి ఉంటుంది. కారు ఫ్యూజు లాంటిదే, చాలా బోర్డుల్లో 3 లేదా 5 ఆంపులది, ధర ఐదు డాలర్ల లోపే. బోర్డే మార్చాలంటే 350 నుంచి 900 డాలర్లు. గ్యాస్ వాల్వ్ కూడా దాదాపు ఆ పరిధిలోనే, కానీ దాన్ని సొంతంగా ముట్టుకోకండి.

బిల్లు, వారంటీ

వచ్చి చూసినందుకే 75 నుంచి 200 డాలర్లు తీసుకుంటారు. రిపేరు చేయిస్తే ఆ సొమ్ము అందులోంచి తగ్గిస్తారా, రాత్రికీ వారాంతానికీ అదనం ఎంత అన్నది ఫోన్‌లోనే అడగాలి. ఇంట్లో కాస్త వెచ్చదనం ఉండి, చంటిపిల్లలూ పెద్దవాళ్లూ ఇబ్బంది పడకుండా ఉంటే, పొద్దుటిదాకా ఆగడమే మంచిది.

డబ్బు కట్టేముందు ఫర్నేస్ లోపలి స్టిక్కర్ మీది సీరియల్ నంబరుతో కంపెనీ సైటులో వారంటీ చూడండి. చాలా కంపెనీలు భాగాలకు 10 ఏళ్లు ఇస్తాయి, కానీ బిగించిన 60 లేదా 90 రోజుల్లో రిజిస్టర్ చేయాలి. చేయకపోతే 5 ఏళ్లే. ఇల్లు పాతదైతే వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో ఇల్లు కొన్నప్పుడే చూసుకోవాలి. వారంటీలో భాగమే ఉచితం, కూలీ మీదే.

హీట్ ఎక్స్‌ఛేంజర్ పగిలిందంటే

ఎక్కువ మంది చేతిచమురు వదిలేది ఇక్కడే. పగుళ్లు నిజంగా ఉంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు, కాబట్టి ఫర్నేస్ ఆపేయాల్సిందే. కానీ కొత్తది అమ్మడానికి చెప్పే మాట కూడా ఇదే. కెమెరాతో తీసిన ఫోటో చూపించమనండి, మంట పొగను కొలిచిన అంకెలు కాగితం మీద ఇమ్మనండి, ఇంకో కంపెనీని పిలిచి చూపించండి. ఈలోగా ఎలక్ట్రిక్ హీటర్లతో గడపవచ్చు, ఎక్స్‌టెన్షన్ తీగకు పెట్టకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి. ఈ భాగానికి వారంటీ 20 ఏళ్లు, కొన్నిటికి జీవితాంతం. అయినా కూలీయే 1,000 నుంచి 2,500 డాలర్లు కావచ్చు. ఫర్నేస్ 15 ఏళ్లు దాటి ఉంటే ఆ డబ్బు కొత్తదానికి పెట్టడమే న్యాయం. పదేళ్ల లోపుదైతే రిపేరే మేలు. మధ్యలో ఉంటే, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటుతోందా అని చూస్తాం.

కొత్త ఫర్నేస్‌కు గరిష్ఠంగా 600 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31 తర్వాత బిగించినవాటికి లేదు. ఇంకా ఉందని చెప్పి అమ్మజూపితే నమ్మకండి. రాష్ట్రమో, గ్యాస్ కంపెనీయో ఇచ్చే రాయితీలు వేరే ఉండవచ్చు, అవి వాళ్ల సైటులోనే చూసుకోండి. కొటేషన్లు మూడు తీసుకోండి, వీలైతే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మెకానిక్‌లకు అప్పుడు పని తక్కువ, మీకూ తొందర ఉండదు.