రోహిణి కార్తె దాకా చెడని ఉసిరి, జామ నిల్వలు

చలిదేశాల వారు వేసవిలో పండిన పండ్లను చలికాలం కోసం దాచుకుంటారు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఆ లెక్క తిరగబడుతుంది. ఆవకాయ సంగతి పక్కన పెడితే, ఉసిరి, జామ, నిమ్మ మనకు నాణ్యంగా, చవకగా దొరికేది కార్తీకం నుంచి పుష్యం దాకానే. వాటితో పెట్టిన నిల్వలకు అసలు పరీక్ష మే నెలాఖరున, రోహిణి కార్తెలో, బయట ఎండ 40 డిగ్రీలు దాటి వంటింటి అలమర కూడా వేడెక్కినప్పుడు జరుగుతుంది. కాబట్టి డిసెంబరు చల్లదనంలో బాగానే ఉందని ఉప్పునూ పంచదారనూ తగ్గించుకోవడం తగదు; పాళ్లను ఎండాకాలానికి సరిపోయేలా ఇప్పుడే నిర్ణయించుకోవాలి.

ముందు కాయల సంగతి. కార్తీకంలో ఉసిరి దీపాలకూ, క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో నాటే కొమ్మలకూ గిరాకీ ఉంటుంది కనుక ఆ రోజుల్లో లేత కాయ కూడా అమ్ముడుపోతుంది. పైగా అది బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. ముసురు పట్టినప్పుడు కాయ ఆరదు, ఆరని కాయ నిలవదు. పూజల హడావుడి తగ్గి, ముసురు విడిచి, మార్గశిరంలో పొడి ఎండ కాసేదాకా ఆగడమే మేలు. కాళేశ్వరరావు మార్కెట్‌లో కొన్నా, రైతుబజారులో కొన్నా, చేతిలో బరువుగా, గట్టిగా ఉండి, ఆకుపచ్చ నుంచి లేత పసుపుకు తిరుగుతున్న కాయను ఏరుకోవాలి. గోధుమరంగు మచ్చ పడినవి వస్తే వాటిని వేరుచేసి ఆ రోజే పప్పులోనో పులిహోరలోనో వాడేయవచ్చు. తొక్కు పచ్చడికి చిన్న నాటుకాయ రుచి. మురబ్బాకు పీచు తక్కువగా ఉండే పెద్ద కాయ అనువు.

కాయలను కడిగి, పాత నూలుచీర మీద పరచి, ఒక్కొక్కటిగా తుడవాలి. పైన తడి లేనట్టు కనిపించినా తొడిమ దగ్గరి గుంటలో ఒక నీటిచుక్క దాక్కుని ఉంటుంది. గుడ్డ కొసను మెలితిప్పి ఆ గుంటలో అద్దితే తప్ప అది పోదు. ఆ తర్వాత కాయలను రెండు మూడు గంటలు నీడలో ఆరనివ్వాలి. జాడీని ముందురోజే కడిగి ఎండలో బోర్లించాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల జోలికి పోకూడదు, ఎందుకంటే ఉసిరి పులుపు వాటిని తింటుంది. ఇనుము తగిలితే మరో చిక్కు ఉంది: కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అందుకే పొన్ను ఉన్న రోకలితో కాకుండా రాతి పచ్చడిబండతో దంచడం మంచిది.

తొక్కు పచ్చడికి కిలో కాయలకు 200 గ్రాముల రాళ్ల ఉప్పు, రెండు చెంచాల పసుపు కావాలి. దుగ్గిరాల పసుపుకొమ్ములు ఇంట్లో దంచుకున్నవైతే రంగు నిలుస్తుంది. ఉప్పును ఒక పూట ఎండబెట్టి మెత్తగా కొట్టుకోవాలి. కాయలను రోట్లో నలగ్గొట్టి, ఉప్పూ పసుపూ కలిపి, జాడీలో అదిమి, వాసెన కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచాలి. మూడోనాటికి ఉప్పు రసాన్ని లాగుతుంది. మొదటి రోజు గింజను వదలని కండ అప్పటికి వేళ్లతో నొక్కగానే గీతల వెంట విడిపోయి, పలకలు తేలిన గింజ చేతిలోకి వస్తుంది. గింజలన్నీ తీసేసి, జాడీలో ఊరిన రసంతోనే మెత్తగా రుబ్బాలి. చెంచాడు నీళ్లు కూడా పోయకూడదు. రుబ్బిన ముద్దను గాలి బుడగలు లేకుండా జాడీలోకి తిరిగి అదిమి, పైన వేడిచేసి చల్లార్చిన నువ్వుల నూనెను వేలు మందాన పోసి ఉంచితే ఏడాది దాటినా నిలుస్తుంది. నెలలు గడిచే కొద్దీ ముద్ద రంగు ముదురుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. నల్లబడిన పాత తొక్కునే కోరి అడిగే వారున్నారు, వారిది సరైన రుచి అనే నా అభిప్రాయం.

ఈ దశలో కారం, మెంతిపిండి కలిపేయవద్దు. కావలసినప్పుడు గుప్పెడు ముద్ద పొడి గరిటెతో తీసుకుని, నూనెలో మెంతులు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేయించి కలిపి నూరుకుంటే ప్రతిసారీ కొత్త పచ్చడే. గుంటూరు సన్నం మిరప దీనికి సరిగ్గా సరిపోతుంది. తేజ రకం వేస్తే కారం ఉసిరి వాసనను మింగేస్తుంది. ఉసిరిని రాత్రిపూట, ఆదివారం తినకూడదనే పట్టింపు ఉన్న ఇళ్లలో ఆ వేళకు నిమ్మకాయ జాడీ పక్కనే ఉండాలి. నిమ్మకు కూడా ఉప్పు ఇదే పాళ్లలో వేసి, ముక్కలు ఎప్పుడూ రసంలో మునిగి ఉండేలా మరికొన్ని కాయల రసం పిండితే చాలు.

మురబ్బాకు ఓపిక కావాలి. పెద్ద ఉసిరికాయలను ఫోర్కుతో గింజ తగిలేదాకా చుట్టూ గుచ్చి, లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపి అందులో ఒక రోజు నానబెడితే వగరు తగ్గుతుంది. వాటిని కడిగి, మరిగే నీటిలో వేసి, గీతలు విచ్చుకోబోతున్నట్టు కనిపించగానే తీసి వడకట్టాలి. కిలో కాయలకు కిలోంపావు పంచదార పొరలు పొరలుగా చల్లి రాత్రంతా ఉంచితే పంచదార తనంతట తానే నీరవుతుంది. మరునాడు ఆ పాకాన్ని మాత్రం కాచి, కొంచెం చిక్కబడ్డాక కాయలను అందులో వేసి కాసేపు ఉడికించి దించాలి. ఇలా మూడు నాలుగు రోజులు, రోజుకు కొంత చొప్పున పాకాన్ని చిక్కబరచాలి. తొందరపడి మొదటి రోజే తీగపాకంలో వేస్తే చిక్కటి పాకం కాయలోని నీటిని ఒక్కసారిగా లాగేస్తుంది, కాయ ముడుచుకుని తోలులా సాగుతుంది. నెమ్మదిగా చేస్తే పంచదార లోపలికి ఎక్కి కాయ నిండుగా, అద్దంలా తేటగా మారుతుంది. చివరి రోజు పాకం తేనె చిక్కదనానికి వచ్చి వేళ్ల మధ్య తీగ సాగాలి. అప్పుడు బరువులో మూడింట రెండు వంతులు పంచదార ఉంటుంది. అంతకన్నా పలచనైతే ఎండల్లో పులిసి మూత ఉబ్బుతుంది. తీపి తక్కువ కావాలనుకునేవారు కొద్దిగా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిందే, అలమరలో నిలుస్తుందని ఆశపడకూడదు.

జామ జెల్లీ ఒక్క పూట పని. మూడు వంతులు దోరకాయలు, ఒక వంతు పండినవి తీసుకోవాలి, ఎందుకంటే జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ దోరకాయలో ఎక్కువ, వాసన పండులో ఎక్కువ. తొక్క, గింజలతో సహా ముక్కలు కోసి, మునిగేన్ని నీళ్లు పోసి, మెత్తబడేదాకా ఉడికించి, పలుచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీయాలి. మూటను పిండితే రసం మసకబారుతుంది. కప్పు రసానికి ముప్పావు కప్పు పంచదార, చెంచాడు నిమ్మరసం కలిపి పెద్ద మంట మీద కాచాలి. థర్మామీటరు ఉంటే 105 డిగ్రీల దగ్గర దించవచ్చు. మన ఊళ్లు దాదాపు సముద్రమట్టానికే ఉన్నాయి కాబట్టి ఆ అంకె యథాతథంగా వర్తిస్తుంది. నీరు 97 డిగ్రీల దగ్గరే మరిగే బెంగళూరులో మాత్రం ఆ మేరకు తగ్గించుకోవాలి. థర్మామీటరు లేకపోతే చెక్క గరిటెను రసంలో ముంచి పక్కకు వంచి చూడాలి. చుక్కలు విడివిడిగా రాలితే ఇంకా కాలేదని, రెండు మూడు కలిసి ఒక పలకగా జారితే అయిందని గుర్తు.

మురబ్బాకు, జెల్లీకి వాడే గాజు సీసాలను పది నిమిషాలు నీటిలో మరిగించి, అవి వేడిగా ఉండగానే వేడి సరుకు నింపి, అంచు తుడిచి బిగించాలి. పెద్ద సీసా ఒకటి నింపేకన్నా చిన్నవి నాలుగు నింపడం నయం; ఒకటి విప్పి వాడుతున్నప్పుడు మిగతావాటికి గాలి తగలదు. తేదీ రాసిన చీటీ అంటించి, పొయ్యికి దూరంగా, ఎండ పడని కింది అరలో పెట్టాలి. నెలకోసారి తొక్కు జాడీ మూత తీసి, నూనె పొర తగ్గి ముద్ద పైకి తేలితే మళ్లీ నూనె కాచి చల్లార్చి పోయాలి. ఎక్కడైనా నూగులాంటి బూజు కనిపించినా, సారాయి వాసన వచ్చినా, పైపైన గీకి మిగతాది వాడవద్దు. బూజు వేళ్లు కంటికి కనబడకుండా లోపలిదాకా పాకి ఉంటాయి కాబట్టి ఆ సీసా మొత్తం పారబోయాలి.